మూగబొమ్మలో లింగమూర్తి

మా కాలనీ ఆడవాళ్ళకు సినిమా అంటే తెర వెనకాలే. గ్రౌండులో రెండు ఇనుప గుంజల మధ్య తెల్లబట్ట కట్టేవాళ్ళు. ముందు మగవాళ్ళు బీడీలు కాలుస్తూ, కాళ్ళు బారచాపుకుని కూర్చునేవాళ్ళు. వెనక మేము చంటిపిల్లలతో చాపలు పరుచుకునేవాళ్ళం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గాని, తీసేసినవాళ్ళు మాత్రం లేరు. బొమ్మ బట్టకు రెండు దిక్కులా కనబడుతుంది కదా, మీకేం తక్కువ అనేవాళ్ళు మగమహారాజులు. తక్కువేం లేదు, అంతా తిరగేసి కనబడేది, అంతే. మా దిక్కున హీరోలందరూ ఎడమచేత్తో అన్నం తినేవాళ్ళు. ఎడమచేత్తోనే విలన్ చెంప పగలగొట్టేవాళ్ళు. హీరోయిన్ల పమిట కుడి భుజం మీద ఉండేది. మొదట్లో నవ్వుకున్నాం, తర్వాత అలవాటైపోయింది.

నా పేరు మక్సూదా. మా ఆయన గులాం అలీ బొగ్గు కంపెనీ వెల్ఫేర్ ఆఫీసులో ప్రొజెక్టర్ ఆపరేటరు. గోదావరిఖని చుట్టుపక్కల కాలనీలకు వంతులవారీగా జీపులో మిషను వేసుకుపోయి శనివారం శనివారం బొమ్మ వేసేవాడు. ఇంట్లో ఉప్పు లేదన్నా పప్పు లేదన్నా పలకని మనిషి, మిషను దగ్గర నిలబడితే మాత్రం నవాబే.

ఎనభై ఐదు ఎండాకాలంలో మిషను సౌండు డబ్బా కాలిపోయింది. కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి. నెలో, రెండు నెలలో ఎవరూ చెప్పలేకపోయారు. ఈయనకేమో వారం తప్పితే పరువు పోయినట్టు. ఆఫీసు స్టోరులో బూజు పట్టిన రేకు డబ్బాల్లో వెతికి ఒక బొమ్మ పట్టుకొచ్చాడు. మాటలు రాకముందు కాలంలో తీసిన బొమ్మ. మాటలే లేని బొమ్మకు సౌండు డబ్బాతో పనేముంది! ఆ తెలివికి తనే మురిసిపోయాడు. ముందు ముక్క తెగిపోయి ఉండడంతో దాని పేరేమిటో కూడా తెలియదు. జనం దాన్ని మూగబొమ్మ అన్నారు.

కథ మామూలే. పల్లెలో ఒక పిల్ల, నాగలి పట్టే పిల్లగాడు. ఇద్దరికీ ప్రేమ. వాడు మిల్లు పనికి పట్నం పోయి, అక్కడ కళ్ళకు కాటుక పూసుకున్న ఒక పట్నం ఆడదాని వలలో పడతాడు. పిల్ల వాణ్ణి వెతుక్కుంటూ పట్నం వస్తుంది. ట్రాము బండ్లు, గుర్రబ్బండ్లు తిరిగే పెద్ద చౌరస్తాలో మూట పట్టుకుని నిలబడుతుంది. జనం ఆమెను తోసుకుంటూ పోతుంటారు. తర్వాత ఇద్దరూ కలుసుకుని ఊరికి పోతారు. మా ఆయన రేకు గొట్టం నోటికి పెట్టుకుని, తనకు తోచిన మాటలు తెలుగులో కొన్ని, ఉర్దూలో కొన్ని చెప్పేవాడు. పట్నం ఆడది మాట్లాడినప్పుడు గొంతు సన్నం చేసేవాడు. జనం విరగబడి నవ్వేవాళ్ళు.

చౌరస్తా దగ్గర మాత్రం ఆయన నోరు మూసుకునేవాడు. ఆ కాసేపు గ్రౌండంతా మిషను టకటక తప్ప చప్పుడు ఉండేది కాదు. అక్కడ మాటలెందుకు చెప్పవు అని అడిగితే, "ఆడ నాకు నోరు రాదు, మక్సూ" అన్నాడు. సరేలే, అలసిపోతాడేమో అనుకున్నాను.

సారవ్వది, మాది పక్కపక్క క్వార్టర్లు. ఆమె భర్త లింగమూర్తి బొగ్గుబాయిలో ఫిల్లరు, అంటే చెమ్మసు అనే పారతో బొగ్గు తట్టలకెత్తి, పట్టాల మీది టబ్బులు నింపే మనిషి. ఎడమచేతివాటం. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఐలవ్వ ఆ చేతికి బట్ట కట్టి మరీ కుడిచేత్తో తినడం నేర్పిందట, అన్నం ఒక్కటి తప్ప మిగతా పనులన్నీ ఎడమచేత్తోనే. పక్కవాడికి చెమ్మసు తగులుతుందని జట్టువాళ్ళు అతన్ని వరసలో చివర నిలబెట్టేవాళ్ళు. మంచి మనిషి. భార్యను పేరు పెట్టి గట్టిగా పిలవడానికి కూడా సిగ్గుపడేవాడు.

అంతకుముందు ఎండాకాలం ఒకరోజు మొదటి షిఫ్టుకు పోయిన లింగమూర్తి ఇంటికి రాలేదు. అదే రోజు మా దగ్గర మకాం వేసిన రికార్డింగ్ డాన్సు వాళ్ళు మూటాముల్లె సర్దుకుని బొంబాయి బండెక్కారు. వాళ్ళలో ఒక ఆడమనిషి అంతకుముందు ఆటలో స్టేజీ దిగొచ్చి, లింగమూర్తి తలమీది తువ్వాల లాగి తన మెడలో వేసుకుందట. జనమంతా చూశారు. ఇంకేం కావాలి లోకానికి! తెల్లారేసరికి లింగమూర్తి దానితో బొంబాయి పోయాడని తేల్చేశారు.

బాయిలో ఏమైనా అయిందేమో చూడండని సారవ్వ ఆఫీసు చుట్టూ తిరిగింది. కాని ల్యాంపు రూములో అతని దీపం కొక్కేనికి వచ్చి ఉంది. షిఫ్టు దిగేటప్పుడు టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటారు, ఎక్కి వచ్చాక తిరిగి ఇస్తారు. లోపల ఎవరైనా మిగిలారా అన్నది మనుషుల మొహాలు చూసి చెప్పరు, కొక్కేల మీది దీపాలు చూసి చెబుతారు. దీపం వస్తే మనిషి వచ్చినట్టే. బాయి పుట్టినప్పటినుంచీ ఉన్న నమ్మకం అది. దాంతో లోపల ఎవరూ వెతకలేదు.

"సచ్చిండంటే ఏడుస్త. ఎవతెతోనో పోయిండంటే తిట్టుకుంట," అనేది సారవ్వ నాతో. "రెండు కాకపాయె. పొద్దుగాల బొట్టు పెట్టుకుందమని అద్దం ముందట నిలబడితే చెయ్యి లేస్తలేదక్క."

అత్త ఐలవ్వ మాత్రం రోజూ ఒకటే దండకం. "మొగన్ని కొంగుకు కట్టుకోను శాతగానిది! నా కొడుకును పట్నంపాలు చేసింది!" అని వాకిట్లో కూర్చుని ఊరికి వినబడేలా తిట్టేది. ముసలిదాని దుఃఖం అలా బయటికి వచ్చేదని నాకు తెలుసు. అయినా ఒక్కోసారి ఆమె నోట్లో ఇంత బొగ్గు కుక్కాలనిపించేది.

మూగబొమ్మ మొదటిసారి మా కాలనీలోనే వేశారు. నేనే సారవ్వను బలవంతంగా లేపుకుపోయాను, ఇంట్లో కూర్చుని కుళ్ళుతుందని. చౌరస్తా వచ్చింది. మా ఆయన గొట్టం దించాడు. పల్లెపిల్ల మూట పట్టుకుని నిలబడింది. ట్రాము వెళ్ళిపోయింది. ఆ వెనక దీపస్తంభం కింద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కోట్లూ టోపీల జనంలో అతనొక్కడే తలకు తువ్వాల చుట్టుకుని, కాళ్ళకు చెప్పులు లేకుండా ఉన్నాడు. మొహం నల్లగా మసకగా ఉంది, కళ్ళు మాత్రం తెల్లగా కనబడుతున్నాయి. చెయ్యి పైకెత్తాడు. అంతలో బొమ్మ మారిపోయింది.

సారవ్వ నా మణికట్టు పట్టుకుంది. 

"గాయననే," అంది.

"ఎవరు?"

"మా ఆయన. ఎడమచెయ్యి ఎత్తిండు, సూడలే?"

"పిచ్చిదాన, గీ బొమ్మ మీ మామ పుట్టకముందుది," అన్నాను. ఆమె వింటేగా! మిగతా బొమ్మంతా ఆ దీపస్తంభం మళ్ళీ వస్తుందేమోనని చూస్తూ కూర్చుంది.

తర్వాతి శనివారం బొమ్మ నస్పూర్ కాలనీలో. సారవ్వ చెప్పాపెట్టకుండా బస్సెక్కి వచ్చింది. జీపులో మా ఆయన వెంట నేనూ పోయాను, నాకూ ఆ దీపస్తంభం మీదే మనసు ఉండి. అక్కడా ఆడవాళ్ళు వెనకే. చౌరస్తా వచ్చింది. ఆ మనిషి స్తంభం కింద లేడు. ట్రాము పట్టాల ఇవతలికి వచ్చి నిలబడ్డాడు.

 చీకట్లో సారవ్వ మొహం చూస్తే నవ్వుతున్నట్టే ఉంది. 

ఆ రాత్రి జీపులో వస్తూ మా ఆయనకు చెప్పాను. మనిషి ముందుకు నడిచాడు అని.

"రీలు అంటే ఏంది? అచ్చేసిన బొమ్మలు. అచ్చేసినోడు ఎట్ల నడుస్తడు?" అన్నాడు. అన్నాడే గాని, స్టీరింగు మీద చేతులు బిగుసుకున్నాయి. 

ఆ తర్వాత జైపూర్ దిక్కు ఒక కాలనీలో వేశారు. సారవ్వ అక్కడికీ వచ్చింది. ఈసారి ఆ మనిషి పల్లెపిల్ల భుజం వెనకే ఉన్నాడు. ఆమె ఒక్కసారి తల తిప్పితే చూసేది. తిప్పలేదు, ఎలా తిప్పుతుంది? అతను పిల్లను చూడడం లేదు. తెరలోంచి ఇటు చూస్తున్నాడు. చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు.

"పిలుస్తున్నడక్క," అంది సారవ్వ. "రా, రా అంటున్నడు. అది బొంబాయి. గా ఆడిది ఇడిసిపెట్టి ఉంటది. గాయన కాళ్ళకు చెప్పులు సుత లేవు."

మర్నాడు చూస్తే మూట కట్టుకుంది. వచ్చే ఆదివారం రామగుండం స్టేషనులో బండెక్కుతానంది. బొంబాయిలో ట్రాములు తిరిగే చౌరస్తా ఎక్కడుందో అడుక్కుంటూ పోతుందట! ట్రాములు ఎప్పుడో తీసేశారే తల్లీ అని చెప్పాను. నేనేదో పరాచికం ఆడినట్టు నన్ను చూసింది. మంచిర్యాల దాటి ఎరగని మనిషి, చదువు లేదు, భాష రాదు. ఎవడి పాలబడుతుందో, ఏ రైలు కింద పడుతుందో. బొమ్మలో పిల్లకు కథ రాసినవాడు ఉన్నాడు, తెచ్చి మొగుడి ఒళ్ళో పడేశాడు. దీనికి ఎవడున్నాడు?

ఆలోచించి ఆలోచించి నాకు ఒక ఉపాయం తట్టింది. సారవ్వ ఆ మనిషిని గుర్తుపట్టింది ఎడమచేతితో. మేము చూస్తున్నదేమో తెర వెనక నుంచి. వెనక నుంచి ఎడమ అంటే ముందు నుంచి కుడి. ఎడమచేత్తో అన్నం తినే హీరోలను ఇన్నేళ్ళు చూసి నవ్వుకున్న ఆడవాళ్ళం, దుఃఖంలో ఆ చిన్న సంగతే మరిచిపోయాం. సారవ్వను మగవాళ్ళ దిక్కున కూర్చోబెడితే చాలు. కుడిచెయ్యి ఎత్తే మనిషి లింగమూర్తి కాదని తనే తెలుసుకుంటుంది. ఆశ చస్తుంది గాని మనిషి బతుకుతుంది.

చివరి ఆట మళ్ళీ మా కాలనీలోనే, శనివారం. సౌండు డబ్బా వచ్చేసింది, వచ్చే వారం నుంచి మాటల బొమ్మలే. నా ఉపాయం చెబితే మా ఆయన ఒప్పుకోలేదు. మగవాళ్ళు గొడవ చేస్తారన్నాడు. నేను వినలేదు. చివరికి గొంతు తగ్గించి, "మక్సూ, రీలు చేతిల పట్టుకొని ఎండకు పెట్టి చూసిన. చౌరస్తా ముక్క మొత్తం చూసిన. దాంట్ల ఆ మనిషి లేడు," అన్నాడు.

"లేకుంటే తెర మీదికి ఎట్ల వస్తడు? గోరంత బొమ్మలు. నీ కండ్లకు అద్దాలు పెట్టిచ్చుకో!" అన్నాను. 

పొద్దుగూకాక సారవ్వను తీసుకుపోయి ముందువైపు, మగవాళ్ళ మధ్యే కూర్చోబెట్టాను. "ఏందే, అటు పోండి," అని ఒకడు గొణిగాడు. "నీ ఇంట్ల ఆడోళ్ళు లేరా? ఒక్కనాడు కూసుంటే తెర అరిగిపోతదా?" అన్నాను. సదయ్య జరిగి చోటిచ్చాడు. సదయ్య లింగమూర్తి జట్టు మనిషి, చెమ్మసు పక్కన చెమ్మసు వేసి పని చేసినవాడు. ఏడాదిగా సారవ్వ కనబడితే తల దించుకుని సందు మారేవాడు. స్నేహితుడు పరువు తీసి పోయాడని సిగ్గేమో అనుకునేదాన్ని.

బొమ్మ మొదలైంది. ముందు నుంచి చూడడం నాకూ కొత్తే. నాగలి అటు పోవాల్సింది ఇటు పోతోంది. నీళ్ళ బిందె పిల్లకు అవతలి చంకలో ఉంది. నా లెక్క తప్పలేదు, అన్నీ తిరగబడ్డాయి. ధైర్యం వచ్చింది.

చౌరస్తా. మా ఆయన గొట్టం దించాడు. ట్రాము పోయింది, పిల్ల నిలబడింది. ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు ఆ మనిషి, ఇప్పుడు ఆమెకంటే ముందుకే. చెయ్యి ఎత్తాడు.

ఎడమచెయ్యి.

నేను నా చేతులు చూసుకున్నాను. గాజుల చెయ్యి, ఉంగరం చెయ్యి. ఏది కుడో ఏది ఎడమో మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నాను. ఎడమచెయ్యే.

"చెప్పిన గద," అంది సారవ్వ మెల్లగా.

నేను లేచి మిషను దగ్గరికి పరుగెత్తాను. "ఆ ముక్క మళ్ళ వెయ్యి," అన్నాను. జనం గోల చేశారు. మా ఆయన నా మొహం చూసి రీలు వెనక్కి తిప్పాడు. సారవ్వను అక్కడే ఉంచి నేను తెర చుట్టూ తిరిగి ఆడవాళ్ళ దిక్కుకు పోయాను. మళ్ళీ ట్రాము, మళ్ళీ పిల్ల. ఇటు నుంచి ట్రాము ఎదురు దిక్కుకు పోయింది, పిల్ల మూట ఎదురు చేతిలో ఉంది. అంతా తిరగబడింది. ఆ మనిషి చెయ్యి ఎత్తాడు. ఇటు నుంచీ ఎడమచెయ్యే.

"మల్లక్కా, ఏ చెయ్యి?" అని పక్కనున్న మల్లక్కను అడిగాను, నా కళ్ళ మీద నాకు నమ్మకం లేక.

"ఎడమదే," అని మల్లక్క ఒడిలో పిల్లను కొంగుతో కప్పేసింది.

అప్పుడే రీలు మిషనులో ఇరుక్కుంది. టకటక ఆగిపోయింది. తెర మీద అంతా ఎక్కడిదక్కడ బిగుసుకుపోయింది. గుర్రం లేపిన కాలు గాలిలోనే ఉంది. పిల్ల రెప్ప వాల్చడం లేదు. ఒకాయన నోటి దగ్గరి చుట్ట పొగ కూడా ఆగిపోయింది.

ఆ చెయ్యి ఒక్కటి ఆగలేదు. ఆగిపోయిన బొమ్మలో అది తిరుగుతూనే ఉంది. రా అని పిలిచినట్టు పైకీ కిందికీ కాదు. గుండ్రంగా, మెల్లగా, గాలిలో సున్నా చుడుతున్నట్టు. ఆ కళ్ళు అటువైపు కూర్చున్న ఎవరినో చూస్తున్నాయి. పిల్లలు కూడా ఏడవలేదు. ఎంతసేపో చెప్పలేను. తర్వాత మిషను వేడికి రీలు కాలి, తెర మధ్యలో గోధుమరంగు మచ్చ పుట్టి, పెరిగి, పిల్లను, ట్రామును, ఆ మనిషిని మింగేసింది. వట్టి తెల్లబట్ట మిగిలింది.

అవతల ఎవరో కేక పెట్టారు. నేను తెర దాటి పరుగెత్తేసరికి సదయ్య మోకాళ్ళ మీద పడి ఉన్నాడు.

"గుండ్రంగ తిప్పుతున్నడు! సూసిన్రా? గుండ్రంగ తిప్పుతున్నడు!"

బాయిలో టబ్బులు లాగే మోతకు మాట వినబడదు. దీపంతోనో చేత్తోనో సైగలు చేసుకుంటారు. అడ్డంగా ఊపితే ఆగు. పైకీ కిందికీ ఊపితే రా. గుండ్రంగా తిప్పితే మాత్రం, వాళ్ళ జట్టులో అర్థం ఒకటే. మనిషి లోపల చిక్కుకున్నాడు. ఇళ్ళల్లో ఉండే మాకు ఇవేం తెలుసు? ముందు కూర్చున్న మగవాళ్ళలో చాలామందికి తెలుసు. వాళ్ళంతా సదయ్యనే చూస్తున్నారు.

సారవ్వ వెళ్ళి అతని ముందు కూర్చుంది. "సదన్న, నీకేమెర్క?" అంది.

సదయ్య ఏడుస్తూ చెప్పాడు. షిఫ్టు అయ్యాక ల్యాంపు రూము దగ్గర పెద్ద వరస ఉంటుంది. అందుకని జట్టులో ఒకడే అందరి దీపాలు పట్టుకుపోయి ఇచ్చేవాడు, మిగతావాళ్ళు స్నానాలకు, బస్సుకు పరుగెత్తేవాళ్ళు. రూలుకు విరుద్ధమే గాని అందరూ చేసేదే. ఆ రోజు సదయ్య వంతు. ఇంక్లైన్, అంటే బాయిలోకి దిగే ఏటవాలు సొరంగం, దాని మూతి దాకా అందరూ వచ్చేశారు. వెలుతురు కనబడుతోంది. లింగమూర్తి దీపం ఊడదీసి సదయ్య చేతికిచ్చాడు.

"ఏదో మరిసిన, నువ్వు పో, గిప్పుడే వస్త అన్నడు. మల్ల లోపలికి మర్రిండు. మూతికాడనే బొగ్గు తీసి ఇడిసిన పాత గల్లీ ఉంటది గద, పలకలు కొట్టి మూసిన్రు. ఒక పలక వదులుగుండె, ఎండకాలం ఆడ సల్లగుంటదని మేము అండ్ల నీళ్ళ సీసలు దాసుకునేటోళ్ళం. అటే పోయిండు. నేను దీపాలు ఇచ్చి బస్సెక్కిన."

"మరి గీ ఏడాది ఎందుకు చెప్పకపోతివి?" అన్నాను నేను. 

"తెల్లారి డాన్సుదానితోని పోయిండు అన్నరు. దీపం వచ్చినంక మనిషి లోపల ఉండడు, వెలుతురుల ఉన్నడు, వచ్చే ఉంటడు అనుకున్న. ఒకని దీపం ఒకడిచ్చిండంటే డ్యూటీ పోతది అక్క. నోరు రాలే. రోజూ ఆ పలకల ముంగటి నుంచే దిగుతున్న." అని నేలకు తల బాదుకున్నాడు.

తిట్టడానికి నాకు మాటలు చాలానే ఉన్నాయి. కాని సారవ్వ అప్పటికే లేచి నడుస్తోంది. చెప్పులు లేవు. బాయి దిక్కుకు పోతోంది.

మగవాళ్ళంతా వెంట వెళ్ళారు. రెండో షిఫ్టు నడుస్తోంది. ఇన్‌ఛార్జి మొదట విసుక్కున్నాడు, ఇంతమంది మొహాలు చూసి దీపాలు ఇప్పించాడు. పలకలు ఊడదీశారు. ఆ వెనక పైకప్పు నుంచి ఒక పొర జారి గల్లీ సగం పూడిపోయి ఉంది. మూసేసిన చోటు కాబట్టి అది ఎప్పుడు కూలిందో ఎవరికీ పట్టలేదు. ఇంక్లైన్ మూతి దగ్గర ఆడవాళ్ళం కూర్చున్నాం. లోపలి నుంచి చల్లగాలి వచ్చి మొహాలకు కొట్టేది. ఐలవ్వ కూడా వచ్చింది. తిట్లు లేవు, కోడలికి కాస్త దూరంగా కూర్చుని చీకట్లోకి చూస్తూ ఉంది.

తెల్లవారుతుండగా సదయ్యే మొదట బయటికి వచ్చాడు. దొరికాడని తలూపాడు. ఏం దొరికింది, ఎలా దొరికింది నేను చెప్పను. లింగమూర్తి టిఫిను డబ్బాను మాత్రం విడిగా తెచ్చి సారవ్వ చేతిలో పెట్టారు. ఎడమచేతి కింద ఉందట. పొట్టకు హత్తుకుని ఉన్నాడట.

మూత బిగుసుకుపోయింది. రాయితో కొట్టి తీసింది సారవ్వ. లోపల మోదుగాకు, ఆకులో పూలదండ. పొద్దున అంగట్లో కొన్నవి. షిఫ్టు అయ్యేదాకా వాడిపోకూడదని చల్లగా ఉండే గల్లీలో దాచాడు. అవి మరిచిపోయే వెనక్కి మళ్ళాడు. పూలు ఎండి టీపొడి రంగులో ఉన్నాయి. అయినా మూత తీయగానే మల్లెల వాసన వచ్చింది. ఒట్టేసి చెబుతున్నాను, వచ్చింది. అక్కడ ఉన్న మగవాళ్ళందరూ ఒక్కసారే తలలు పక్కకు తిప్పుకున్నారు.

సారవ్వ ఏడవలేదు. డబ్బా మూత పెట్టి ఇంటికి తెచ్చుకుంది.

పదో రోజు నాడు వాళ్ళల్లో ఒక తంతు ఉంటుంది. భర్త పోయిన ఆడదాన్ని కూర్చోబెట్టి చివరిసారి పసుపు రాసి, బొట్టు పెట్టి, గాజులు తొడిగి, పూలు పెట్టి, తర్వాత అన్నీ తీసేస్తారు. నాకు ఒళ్ళు మండే తంతు. మా మనిషి కాకపోయినా వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను, దానికి నా మొహం కనబడాలని. చుట్టాలు కొత్త పూలు తెచ్చారు. సారవ్వ వాటిని పక్కకు నెట్టి, లోపలికి పోయి టిఫిను డబ్బా తెచ్చి అత్త ముందు పెట్టింది.

"గివి పెట్టు," అంది.

ఎవరో వద్దన్నారు, చచ్చినచోటి వస్తువు అరిష్టం అన్నారు. ఐలవ్వ వాళ్ళ దిక్కు చూసిన చూపుకు నోళ్ళు మూతపడ్డాయి. ముసలిది రెండు చేతులతో దండ ఎత్తింది. ఎత్తగానే పూలన్నీ పొడిపొడిగా రాలి కోడలి భుజాల మీద, ఒడిలో పడ్డాయి. చేతిలో దారం మిగిలింది. ఆ దారాన్నే ఐలవ్వ కోడలి కొప్పు చుట్టూ తిప్పి ముడేసింది.

అప్పుడు ఏడ్చింది సారవ్వ. ఏడాది పాటు ఎటు ఏడవాలో తెలియని ఏడుపంతా ఒక్కసారే వచ్చింది. "నా కోసమే మర్రిండత్తా," అని ఐలవ్వ మెడ పట్టుకుని, కాలనీ అంతా వినబడేలా ఏడ్చింది. "ఎటు పోలేదత్తా. నా కోసమే మర్రిండు."